ఈ వారం ఏం పూసింది, అయ్యగారూ?

మంచాన పడిన పెద్దవాళ్ళను చూడటానికి వెళ్ళినప్పుడు మనకు మాటలు దొరకవు. "ఎలా ఉన్నారు?" అని మనం అడుగుతాం. "ఇలా ఉన్నాను" అని వాళ్ళంటారు. ఆ తరువాత ఇద్దరూ పైన తిరిగే ఫ్యాను చప్పుడు వింటూ కూర్చోవడమే. 2023 సంక్రాంతి వెళ్ళిన వారం మా సంఘంలోని ఒక రిటైరైన పంతులమ్మగారి ఇంట్లో నా పరిస్థితి అచ్చంగా అదే. తడి వరండా మీద కాలు జారి ఆమెకు తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది గాని నెలల తరబడి మంచం దిగరాదన్నారు. ఆమె గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. దాని మీద పాకుడు తప్ప చూడటానికి మరేమీ లేదు.

ఆమే ముందుగా నోరు విప్పారు. "గుడి వెనక చేమంతులు ఇంకా ఉన్నాయా, అయ్యగారూ? గోడవార బంతి మొక్కలు పడిపోతే కర్రలు పాతారా?"

మందిరపు ఆవరణలోని మొక్కలన్నీ ఆమె చేతిమీదుగా పెరిగినవే. స్కూలు నుండి వచ్చి, చీర కొంగు నడుముకు దోపి, రోజూ చీకటి పడేదాకా నీళ్ళు పోసేవారని పాతవాళ్ళు చెబుతారు. నేను ఆ మొక్కల పక్కగా రోజుకు పదిసార్లు నడుస్తాను. అయినా ఏది పూసిందో, ఏది ఎండిందో చెప్పలేకపోయాను. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అన్నాను. ఆమె నవ్వి, "ఏవి?" అని అడిగారు. జవాబు లేదు.

మరునాడు ఆలోచన వచ్చింది. చేతిలో సెల్‌ఫోను ఉంది, అందులో కెమెరా ఉంది. మధ్యాహ్నం భోజనం కాగానే వెళ్ళి బంతిపూలను నలభై ఫొటోలు తీశాను. సాయంత్రం తీసుకువెళ్ళి చూపిస్తే ఆమె ఫోనును దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "ఇదేమిటండీ, అట్టా?" అన్నారు.

నిజమే. ఒక పసుపు ముద్ద, దాని కింద నల్లటి నీడ. ఒక్క రేకు కూడా విడిగా కనబడటం లేదు. ఆ రోజు మొదలుకొని ఏడాదిపాటు వారానికొకసారి పువ్వుల ఫొటోలు తీసి ఆమెకు చూపించాను. నాకు ఫొటోగ్రఫీ నేర్పినవారు ఎవరూ లేరు. ఆమె పెట్టిన తప్పులే నా పాఠాలు. మీ ఇంట్లో కూడా ఇలా గది దాటలేని తల్లో, తాతగారో ఉండవచ్చు గనుక నేను నేర్చుకున్న కొద్దిపాటి సంగతులు ఇక్కడ రాస్తున్నాను. దీనికి పెద్ద కెమెరా అవసరం లేదు. మాటవరసకు కాదు, నిజంగానే అవసరం లేదు.

మొదటి సంగతి వెలుగు. మధ్యాహ్నపు ఎండ నడినెత్తి మీద నుండి పడుతుంది. పువ్వు పైభాగం తెల్లగా కాలిపోతుంది, అడుగుభాగం చీకట్లో మునిగిపోతుంది. మన కన్ను ఆ రెంటినీ సర్దుకుని చూడగలదు. కెమెరా అంతగా సర్దుకోలేదు. అందుచేత పొద్దున్న ఆరున్నర, ఎనిమిది గంటల మధ్య తీయండి. లేదా మబ్బు పట్టిన రోజున ఎప్పుడైనా తీయండి. మబ్బు పడితే ఫొటోలు రావని మన చిన్నప్పుడు అనుకునేవాళ్ళం గాని, పువ్వులకు మబ్బు వెలుగును మించినది లేదు. మధ్యాహ్నమే తీయక తప్పదంటే ఎవరినైనా పిలిచి పువ్వు మీద నల్ల గొడుగు పట్టమనండి. ఒక వైపు మరీ నీడగా ఉంటే ఆ వైపున తెల్లటి అట్ట నిలబెడితే వెలుగు దాని మీద పడి తిరిగి పువ్వు మీదికి వస్తుంది. నేను వాడింది పెండ్లి శుభలేఖల వెనకవైపు. పాస్టరు ఇంట్లో శుభలేఖలకు కొదువ ఉండదు.

రెండవది, వంగడం. నిలబడి పై నుండి తీస్తే మనం రోజూ చూసే చూపే ఫొటోలో వస్తుంది, పైగా వెనకాల మట్టి, చెప్పులు, చీపురు పుల్లలు. పువ్వు ఎంత ఎత్తులో ఉందో కెమెరా కూడా అంత ఎత్తుకు దిగాలి. మోకాళ్ళూనడం నాకు కొత్తేమీ కాదు గాని, బంతి మొక్క ముందు మోకాళ్ళూనితే మా వాచ్‌మన్ మాత్రం చాలాసేపు వింతగా చూశాడు.

ఫోను కెమెరా అద్దాన్ని తుడవడం గురించి చెప్పడం చిన్నతనంగా ఉంటుంది. అయినా చెబుతాను. చొక్కా జేబులో ఉండే ఫోనుకు చెమట, వేళ్ళ జిడ్డు అంటుకుని ఉంటాయి. జిడ్డు అద్దం మీద ఎండ పడితే ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది. మొదటి నెల ఆ పొగమంచును నేను ఫోను లోపమనే అనుకున్నాను. మెత్తటి పాత నూలుగుడ్డతో రెండుసార్లు తుడిస్తే పోయింది.

ఫిబ్రవరిలో ఆమె మరొక తప్పు పట్టారు. ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. తుంటి నయమయ్యాక ఆ ఆపరేషను చేద్దామని డాక్టరుగారు వాయిదా వేశారు. మందారం ఫొటో చూపిస్తే ఆమె, "ఆకులున్నాయి, గోడ ఉంది, ఎవరిదో సైకిలు ఉంది. పువ్వు ఎక్కడ?" అన్నారు. మనకు పువ్వే ముందు కనబడుతుంది, ఎందుకంటే మనం పువ్వునే చూస్తున్నాం. కెమెరాకు ఆ ఇష్టాయిష్టాలు లేవు, సైకిలు చక్రాన్ని కూడా అంతే శ్రద్ధగా తీస్తుంది.

అందుకు మందు కూడా ఆమే చెప్పారు. మంచం కింది ట్రంకు పెట్టె తీయమన్నారు. అందులో బట్టలు, పాత హాజరుపట్టీలు, వాటి కింద ఒక రాతి పలక. "పువ్వు వెనకాల ఇది పెట్టండి, అయ్యగారూ. పిల్లలకు చెప్పినన్నాళ్ళూ నేను చేసింది అదే. బల్ల మీద పెట్టి చూపిస్తే ఎవడూ చూడడు. పలక మీద పెడితే చూస్తాడు" అన్నారు.

ఆ పలకతోనే నా ఫొటోలు ఫొటోలయ్యాయి. తరువాత చదివితే తెలిసింది, జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే ఆయన ఇంచుమించు ఇదే పని చేశాడట. ఆయన కూడా ఉపాధ్యాయుడే. బెర్లిన్‌లోని కళాశాలలో విద్యార్థులకు చూపడానికని మొగ్గలను, తీగలను, కాయలను సాదా అట్టల ముందు పెట్టి, తాను స్వయంగా తయారు చేసుకున్న కెమెరాతో దశాబ్దాల పాటు ఫొటోలు తీశాడు. 1928లో ఆ ఫొటోలు పుస్తకంగా వచ్చేసరికి ఆయనకు అరవై దాటాయి. అప్పటిదాకా ఆయన పేరు విన్నవాళ్ళు తక్కువ. పుస్తకం వచ్చాక ఐరోపా అంతటా మారుమోగింది.

మార్చి మొదటి వారం మెట్ట ప్రాంతంలో ఒక కూటానికి వెళ్ళి వస్తుంటే దారిలో మోదుగ చెట్లు కనిపించాయి. ఒక్క ఆకు లేదు, కొమ్మ కొమ్మంతా నారింజ రంగు. గోరువంకలు, తేనెపిట్టలు చేరి గోల చేస్తున్నాయి. ఆటో ఆపించి తీశాను. ఇంటికి వచ్చి చూస్తే తెల్లటి ఆకాశం మీద నల్లటి పువ్వులు! ఆకాశపు వెలుగు ఎక్కువై కెమెరా దానికి తగ్గట్టు మొత్తాన్నీ తగ్గించేసింది. ఇటువంటప్పుడు ఫోను తెర మీద పువ్వు ఉన్న చోట వేలితో తాకాలి. చాలా ఫోన్లలో అక్కడ చిన్న సూర్యుని బొమ్మ వస్తుంది; దాన్ని పైకి జరిపితే ఫొటో వెలుగు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం ఫొటోగ్రఫీ వచ్చినట్టే. ఇంకా సులువైన పద్ధతి, ఆకాశం కాకుండా కొండో, దూరపు చెట్లో వెనక ఉండేలా నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడటం. అదృష్టవశాత్తు నేల మీద రాలిన పువ్వులు నాలుగు రుమాలులో కట్టి తెచ్చాను. పలక మీద ఒకటి పెట్టి తీస్తే చిలుక ముక్కులాంటి వంపు, మొదట్లో ముదురు గోధుమరంగు మఖమలు గుడ్డలాంటి తొడిమ స్పష్టంగా వచ్చాయి. పంతులమ్మగారు ఆ తొడిమ మీద వేలు పెట్టి తడిమి చూశారు. ఫొటో అన్న సంగతి మరిచిపోయారు గాబోలు.

ఉగాదికి వేపపువ్వు కావాలన్నారు. వేపపువ్వు ఎంత చిన్నదో మీకు తెలుసు. దాన్ని పెద్దగా తీద్దామని ఫోనును పువ్వుకు ఆనించినంత దగ్గరగా పెట్టాను, అంతా అలుక్కుపోయింది. ప్రతి కెమెరాకూ ఇంత దగ్గరకన్నా చూడలేను అనే హద్దు ఒకటి ఉంటుంది. జానెడు దూరం జరిగి, పువ్వు మీద వేలితో తాకి, స్పష్టంగా వచ్చిన తరువాత తీసి, అనవసరమైన అంచులు కత్తిరించుకోవాలి. తీసేటప్పుడే తెర మీద రెండు వేళ్ళతో సాగదీసి పెద్దది చేసుకోవడం మంచిది కాదు. ఎక్కువగా సాగదీస్తే రేకులు నీళ్ళల్లో నానిన కాగితంలా వస్తాయి. కొన్ని కొత్త ఫోన్లలో దగ్గరి వస్తువుల కోసం వేరే అద్దం ఉంటోంది. ఉంటే సంతోషం. లేకపోయినా జానెడు దూరం సూత్రం చాలు. ఐదు తెల్లటి రేకులు, మధ్యన చిన్న గొట్టం. బడిపిల్లలకు నలభై ఏళ్ళు చెప్పిన ఆమె, "ఇంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదండీ" అన్నారు.

మల్లెల దగ్గర మాత్రం నాకు చాలా రోజులు పట్టింది. 2018లో మల్లెను ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అంత గౌరవం పొందిన పువ్వు నా కెమెరాకు మాత్రం లొంగలేదు. దోసెడు మల్లెలను తెర నిండుగా తీస్తే బూడిదరంగులో వచ్చాయి. సరే అని ఒక్క పువ్వును నల్ల పలక మీద పెట్టి తీస్తే దూదిపింజలా తెల్లగా వెలిగిపోయింది; రేకుల అంచులే లేవు. ఒకే పువ్వు, రెండు విరుద్ధమైన తప్పులు. కారణం ఇది. కెమెరాకు తాను చూస్తున్నది తెలుపో నలుపో తెలియదు. ముందున్న దృశ్యమంతా సగటున మధ్యరకపు వెలుగుతో ఉంటుందనుకుని లెక్క వేస్తుంది. తెర నిండా తెలుపుంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది; తెర నిండా నలుపుంటే చాలలేదనుకుని పెంచుతుంది. కాబట్టి తెల్లపూల రాశిని తీసేటప్పుడు ఆ సూర్యుని బొమ్మను కాస్త పైకి, నల్లపలక మీద తెల్లపువ్వును తీసేటప్పుడు కాస్త కిందికి జరపాలి. ఇది అర్థమయ్యేసరికి మల్లెల కాలం సగం గడిచిపోయింది. కొత్త ఫోన్లు ఈ లెక్క కొంతవరకు తామే సర్దుకుంటున్నాయి గాని, తెల్లపువ్వు దగ్గర ఇంకా తడబడుతూనే ఉన్నాయి.

మే నెలలో రేల, తురాయి. తురాయి చెట్టుది మడగాస్కర్ ద్వీపం. మన ఊళ్ళ రోడ్ల మీద ఎండాకాలమంతా అదే కనబడుతుంది గనుక మనదే అనిపిస్తుంది. దాని ఐదు రేకుల్లో ఒకటి తక్కినవాటికి భిన్నంగా తెలుపు, పసుపు చారలతో ఉంటుంది. వెతికి చూడండి. ఎరుపు రంగు విషయంలో ఒక జాగ్రత్త. ముదురు ఎరుపు పువ్వులను కెమెరా తరచుగా ఎర్రటి మరకలా చేసేస్తుంది, రేకు మీద ఈనెలు మాయమవుతాయి. వెలుగు కొద్దిగా తగ్గించి తీస్తే అవి నిలుస్తాయి. రేలపూల గుత్తులు గాలికి ఊగుతూనే ఉంటాయి. అటువంటి వాటికి వెదురుపుల్ల ఒకటి పాతి, బట్టలకు పెట్టే క్లిప్పుతో కాడను దానికి పట్టించాలి. క్లిప్పు ఫొటోలో పడకుండా చూసుకుంటే సరి.

జులైలో ఒక సాయంత్రం ఆమె మనవరాలు ఫోను చేసింది. "అయ్యగారండీ, మామ్మ అడగమంది. మీ మెట్ల దగ్గర బ్రహ్మకమలం మొగ్గ మెడ పైకి ఎత్తిందా?"

వెళ్ళి చూశాను. వారం రోజులుగా కిందికి వేలాడుతున్న మొగ్గ మెడ వంచి పైకి లేచింది. "అయితే ఈ రాత్రికే పూస్తుంది. నిద్రపోకండి అని చెప్పమంది" అంది ఆ అమ్మాయి. ఆ మొక్క పంతులమ్మగారు ఇచ్చిన ఒక్క ఆకు నుండి మొలిచిందే. ఆకు అంటాం గాని అది ఆకులా చదునుగా పెరిగిన కాండం. మనం బ్రహ్మకమలమనే ఈ మొక్క నిజానికి మెక్సికో ప్రాంతపు జెముడు జాతిది. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు, అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. పేరు ఏదైతేనేం, ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ నిద్రపోలేదు.

ఒక కుర్చీ మీద పుస్తకాలు దొంతరగా పెట్టి, ఫోనును వాటికి ఆనించి, కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాను. మధ్యలో కుర్చీ కదిలినా మళ్ళీ అదే చోట పెట్టవచ్చు. రాత్రివేళ వెలుగు తక్కువ గనుక కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆ కాసేపట్లో చేయి అదిరినా బొమ్మ చెదిరిపోతుంది. బొత్తాం నొక్కినా అదురుతుంది. అందుకే ప్రతి ఫోనులోనూ ఉండే టైమరును మూడు సెకన్లకో, పది సెకన్లకో పెట్టుకుని నొక్కి చేయి తీసేయాలి. ఫ్లాష్ వద్దు. ఎదురుగా కొట్టే ఆ వెలుగులో పువ్వు పళ్ళెంలా చదునైపోతుంది. మా ఇంటావిడ తన ఫోను టార్చిని తెల్లటి రుమాలు వెనక పెట్టి పక్కనుండి, కొంచెం వెనకగా పట్టుకుంది. రేకుల గుండా వెలుగు వచ్చింది.

ఏడున్నరకు మొదటిది తీశాను. ఆ తరువాత అరగంటకొకటి. ఎనిమిదిన్నరకు మొగ్గ కొస విచ్చింది. తొమ్మిదిన్నరకు సగం. మధ్యలో కరెంటు పోయింది, వీధిదీపం ఆరిపోయి వెనకాల నల్లగా అయింది. ఎప్పుడూ తిట్టుకునే కరెంటు కోత ఆ ఒక్కసారి మేలు చేసింది. పదకొండు గంటలకు పువ్వు పూర్తిగా విచ్చుకుంది. లోపల గుహలాంటి గొట్టం, దాని నిండా సన్నటి కేసరాలు. వాసన మెట్ల దాకా వచ్చింది. అది మాత్రం ఫొటోలో పట్టలేకపోయాను. తెల్లవారేసరికి తడిసిన గుడ్డలా వాలిపోయింది.

మరునాడు వాటిలో ఆరు ఫొటోలను ఎనిమిది అంగుళాల పన్నెండు అంగుళాల ప్రింట్లు వేయించి, గోడ మీద పాకుడు కనబడే కిటికీ రెక్కకు వరసగా అంటించాను. చిన్న తెర మీద ఆమె చూడలేరని నాకు అంతకు ముందే తట్టవలసింది. పెద్దవాళ్ళకు చూపించదలిస్తే ప్రింట్లు వేయించండి. ఫోనులో నాలుగు వేల ఫొటోలు పెట్టుకుని ఎవరికీ చూపించకపోవడం ఈ కాలపు జబ్బు. మా నాన్నగారి రోజుల్లో రీలుకు ముప్పై ఆరు ఫొటోలు. ఒక్కొక్కటి నొక్కే ముందు ఆయన ఊపిరి బిగబట్టేవారు. కడిగించి, ప్రింట్లు తెచ్చి, ఇల్లంతా చుట్టూ కూర్చుని చూసేవాళ్ళం.

ఆగస్టులో పారిజాతాలు మొదలయ్యాయి. రాత్రి పూసి తెల్లవారకముందే రాలిపోయే పువ్వులవి. ఆరు గంటలకు ముందే వెళ్ళి చెట్టు కింద నేల మీద పడ్డవాటిని పడ్డట్టే తీయాలి. అదే నెలలో శంఖుపుష్పం, దానితోపాటు మా ఇద్దరికీ తగవు కూడా వచ్చాయి.

శంఖుపుష్పం ఎంత నీలమో మీకు తెలుసు. ఆమె ప్రింటు చూసి, "ఇది నీలమా? బూడిద రంగులా ఉంది" అన్నారు. ఫోనులో నీలం కాస్త పెంచి మళ్ళీ ప్రింటు వేయించాను. "ఇంకా చాలదు" అన్నారు. మరికొంత పెంచాను. మూడవసారి, "ఆ, ఇప్పుడు కొంచెం దగ్గరికి వచ్చింది" అన్నారు. నా కంటికి అది సిరాబుడ్డి. అయినా పెద్దావిడ, మొక్కను పెంచినావిడ, ఆమెకు తెలియదా అనుకున్నాను. పైగా నీలి పువ్వుల విషయంలో నాకు పాత అనుమానం ఒకటి ఉంది. నా చిన్నప్పుడు మా నాన్నగారు తీసిన నీలి రంగు తీగపువ్వు ప్రింటులో గులాబీ రంగులో వచ్చింది. స్టూడియోవాళ్ళు కడగడంలో పాడు చేశారని మేమంతా అనుకున్నాం, ఆయన వెళ్ళి గొడవ కూడా పడ్డారు. పాపం వాళ్ళ తప్పు కాకపోవచ్చు. కొన్ని నీలి పువ్వులు నీలంతోపాటు మన కంటికి అంతగా అందని అంచు ఎరుపును కూడా వెనక్కి పంపుతాయి. కన్ను దాన్ని పట్టించుకోదు, ఆనాటి రంగుల ఫిల్ము పట్టించుకునేది.

అక్టోబరులో ఆమెకు ఒక కంటికి శుక్లాల ఆపరేషను జరిగింది. ఆ నెలంతా తెలంగాణలో తంగేడు, గునుగు పూస్తాయి. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడిని అడిగితే బతుకమ్మ పేర్చేవేళ తంగేడు కొమ్మ ఒకటి తీసి పంపాడు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ ఫొటో పట్టుకుని కంటి కట్టు విప్పిన నాలుగో రోజున వెళ్ళాను. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని పాత ప్రింట్లన్నీ ఒడిలో పోసుకుని ఉన్నారు. నన్ను చూడగానే శంఖుపుష్పం పైకెత్తి, "ఎవరండీ ఈ పని చేసింది? సిరా ఒలికినట్టు!" అన్నారు.

"మీరేనమ్మా" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఆపరేషను కాని కన్ను మూసి ఒకసారి, అయిన కన్ను మూసి ఒకసారి చూశారు. అలా నాలుగైదుసార్లు చూసి, చివరికి కొంగు అడ్డుపెట్టుకుని పకపకా నవ్వారు. ముదిరిన శుక్లం పసుపుపచ్చని అద్దంలా పని చేస్తుంది. నీలపు వెలుగును లోపలికి రానివ్వదు. అది కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి జరుగుతుంది గనుక మనిషికి తెలియదు. కలువల కొలను బొమ్మలు వేసిన ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మొనే కూడా ఇదే బాధ పడ్డాడు. 1923లో, ఎనభై రెండేళ్ళ వయసులో ఆయనకు కంటి ఆపరేషను జరిగింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు రంగుల విషయంలో మీతో వాదిస్తే వాదించకండి, కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

నేను చేసిన మంచిపని ఒకటుంది. రంగులు మార్చినప్పుడల్లా నకలు మీద మార్చాను, అసలు ఫొటోను చెరిపివేయలేదు. మీరూ అలాగే చేయండి. ప్రతి ఫొటోకు తేదీ, పువ్వు పేరు, తీసిన చోటు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఫోను తేదీ గుర్తుపెట్టుకుంటుంది గాని, అది గోడవార మొక్కో, మెట్ల దగ్గర కుండీయో చెప్పదు.

నవంబరు చివరన పాయిన్‌సెట్టియా కుండీలు గుమ్మం ముందుకు తెప్పించాం. మనం క్రిస్మస్ పువ్వు అంటాం గాని ఆ ఎర్రనివి రేకులు కావు, ఆకులే. అసలు పువ్వులు మధ్యలో పసుపుపచ్చగా గింజల్లా ఉంటాయి. ఫొటో తీసేటప్పుడు వాటి మీద వేలు పెట్టి తాకాలి. రెండు కుండీల్లో ఒకటి ఎర్రబడింది. మరొకటి డిసెంబరు మొదటి వారానికి కూడా పచ్చగానే ఉంది. ఎరువు చాలలేదేమోనని నేను పేడనీళ్ళు పోయించాను. రెండింటి ఫొటోలూ చూసి పంతులమ్మగారు అడిగిన ప్రశ్న ఒక్కటే. "పచ్చగా ఉన్నదాని మీద రాత్రంతా లైటు వెలుగుతోందా?"

వెలుగుతోంది. గుమ్మం దీపం సరిగ్గా దాని నెత్తిమీదే. ఆ మొక్కకు వారాల తరబడి పొడవైన రాత్రులు, అదీ చిక్కటి చీకటి ఉంటేనే ఆకులు ఎర్రబడతాయట. కుండీని ఆఫీసు గది వెనక చీకట్లోకి జరిపించాం. ఆ క్రిస్మసుకు అందలేదు, జనవరి చివరకు ఎర్రబడింది.

అప్పటికి ఆమె చేతికర్రల సాయంతో నాలుగడుగులు వేస్తున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మనవరాలు ఆటోలో తీసుకువచ్చింది. గోడవార బంతి మొక్కల దగ్గర కుర్చీ వేశాం. కర్రలు సరిగ్గా పాతలేదని ముందు నన్ను కోప్పడ్డారు. తరువాత నా ఫోను అడిగి తీసుకుని, ఎక్కడ నొక్కాలో చెప్పించుకుని, చాలాసేపు గురిచూసి ఒక ఫొటో తీశారు. సమయం పన్నెండు కావస్తోంది. ఎండ నడినెత్తి మీద ఉంది. నేను గొడుగు తేవడానికి లోపలికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి మరో పది తీసేశారు.